వేల చిత్రాలు.. ఒక చిన్న వీడియో
* రెండర్ చేసిన యానిమేషన్‌ను నాణ్యత చెడకుండా కుదించే తీరు
* కుదింపు ఒక్కసారే.. అదీ చివర్లోనే

పెళ్లి వీడియో ఆరంభంలో తిరిగే బంగారు అక్షరాలు మొదలుకొని, డిగ్రీ విద్యార్థులు ప్రాజెక్టుగా సమర్పించే ఐదు నిమిషాల కార్టూను కథ వరకు, కంప్యూటర్ యానిమేషన్ నేడు మహానగరాల స్టూడియోలకే పరిమితమైన విద్య కాదు. ఉచితంగా లభించే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో మండల కేంద్రాల్లోని యువకులు సైతం త్రిమితీయ బొమ్మలకు ప్రాణం పోస్తున్నారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పురస్కారం అందుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’ రూపొందింది కూడా ఈ సాఫ్ట్‌వేర్‌తోనే. అయితే బొమ్మను తయారు చేయడంలో కనబరిచే శ్రద్ధ, దాన్ని వీడియోగా మలిచే దశలో చాలామందిలో కనిపించడం లేదు. సొంత కంప్యూటర్‌లో అద్దంలా మెరిసిన దృశ్యం ఇతరుల తెరపైకి చేరేసరికి మసకబారుతోంది. మసక లేకుండా చూద్దామంటే నిమిషం నిడివికే ఫైలు వందల మెగాబైట్లకు పెరిగి, అవతలివారు తెరవకుండానే పక్కన పెట్టేస్తున్నారు. యానిమేషన్ రంగంలో ఉద్యోగార్థిని ధ్రువపత్రాల కంటే ముందు అడిగేది చేసిన పనుల నమూనా వీడియోనే. నెలల తరబడి పడిన శ్రమను ఎదుటివారు అంచనా వేసేది ఆ రెండు నిమిషాల్లోనే.

నాణ్యత, పరిమాణం పరస్పరం శత్రువులన్న అభిప్రాయం బలంగా ఉంది. అది సగం మాత్రమే నిజం. పని క్రమాన్ని సరిచేసుకుంటే చిన్న ఫైలులోనే చక్కని దృశ్యం ఇముడుతుంది.

కరెంటు పోతే ఏం మిగులుతుంది?

సాఫ్ట్‌వేర్‌లో కళాకారుడు కదిలించే బొమ్మ తీగలతో అల్లిన నమూనా వంటిది. దానిపై వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎటు వాలుతుంది, నీటిలో ప్రతిబింబం ఎలా వణుకుతుంది అన్నవన్నీ లెక్కగట్టి పూర్తి చిత్రంగా మార్చడాన్నే రెండరింగ్ అంటారు. సెకనుకు 25 చిత్రాల చొప్పున నిమిషం యానిమేషన్‌కు 1,500 చిత్రాలు అవసరం. సాధారణ కంప్యూటర్‌పై ఒక్కో చిత్రానికి 2 నిమిషాలు పట్టిందనుకుంటే మొత్తం 50 గంటలు. అంటే రెండు పగళ్లు, రెండు రాత్రులు గడిచినా ఇంకా రెండు గంటల పని మిగిలే ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవారు చేసే మొదటి తప్పు ఇక్కడే. రెండరింగ్ ఫలితాన్ని నేరుగా ఎంపీ4 వీడియోగా రాయమని కంప్యూటర్‌ను ఆదేశిస్తారు. ఎంపీ4 ఫైలులో ఏ చిత్రం ఎక్కడ ఉన్నదో తెలిపే సూచిక ఉంటుంది. సాధారణంగా సాఫ్ట్‌వేర్ ఆ సూచికను పని ముగిసిన తర్వాతే రాస్తుంది. నలభయ్యో గంటలో కరెంటు పోయిందా, సూచిక లేని ఆ ఫైలు తెరుచుకోదు. 1,200 చిత్రాల శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. వేసవిలో కోతలు ఎరిగిన పల్లెల్లో ఇది ఊహించుకోవాల్సిన ప్రమాదం కాదు.

అదే రెండరింగ్‌ను విడివిడి చిత్రాల వరుసగా భద్రపరిస్తే పూర్తయిన 1,200 చిత్రాలు డిస్కులో పదిలంగా ఉంటాయి. కరెంటు వచ్చాక 1,201వ చిత్రం నుంచి మొదలుపెడితే చాలు. మధ్యలో ఎక్కడో బొమ్మ చెయ్యి గోడలోకి చొచ్చుకుపోయినట్లు తర్వాత గుర్తించినా, ఆ 50 చిత్రాలను మాత్రమే మళ్లీ రెండర్ చేసి పాతవాటి స్థానంలో ఉంచవచ్చు. పై లెక్కన అది గంటా నలభై నిమిషాల పని.

మరో సౌలభ్యం ఉన్నది. దీన్ని కళాశాలల కంప్యూటర్ ప్రయోగశాలలు పెద్దగా వాడుకోకపోవడం విచారకరం. బ్లెండర్‌లో ఉన్న ఫైలుపై తిరిగి రాయవద్దన్న ఎంపికను, ఇంకా తయారుకాని చిత్రానికి ఖాళీ ఫైలుతో చోటు పట్టి ఉంచే ఎంపికను కలిపి పెట్టి, నెట్‌వర్క్‌లోని ఒకే ఫోల్డర్‌కు పది కంప్యూటర్లను అనుసంధానిస్తే అవి పని పంచుకుంటాయి. ఒకటి పట్టుకున్న చిత్రాన్ని వదిలి మరొకటి తర్వాతి చిత్రాన్ని అందుకుంటుంది. 50 గంటల పని ఒక్క రాత్రిలో తేలిపోతుంది. నేరుగా వీడియో రాసే పద్ధతిలో ఇలా పంచుకోవడం సాధ్యం కాదు.

ఏ రూపంలో దాచాలి?

చిత్రాలను జేపెగ్ రూపంలో దాచితే స్థలం కలిసొస్తుంది. కానీ జేపెగ్ దాచే ప్రతిసారీ కొంత వివరాన్ని వదిలేస్తుంది. ఆ చిత్రాలను వీడియోగా మార్చేటప్పుడు మరోసారి నష్టం జరుగుతుంది. పిండిన నిమ్మచెక్కనే మళ్లీ పిండినట్లు ఉంటుంది. ఇందుకు భిన్నంగా 1996లో ప్రమాణంగా రూపుదిద్దుకున్న పీఎన్‌జీ కుదించినా ఒక్క చుక్క రంగునూ పోగొట్టదు. మామూలు అవసరాలకు అదే ఉత్తమం. రంగులను, వెలుతురును తర్వాత గణనీయంగా సవరించదలచినవారు మాత్రం 2003లో ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ అందరికీ విడుదల చేసిన ఓపెన్ ఈఎక్స్‌ఆర్ రూపాన్ని ఆశ్రయించడం మేలు. దాని ఫైళ్లు బరువైనవి, కానీ తెల్లగా కాలిపోయినట్లు కనిపించే ఆకాశంలోనూ దాగిన వివరాన్ని అవి పోనివ్వవు.

బ్లెండర్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారై 2008లో విడుదలైన ‘బిగ్ బక్ బన్నీ’ ఈ పద్ధతికి ప్రసిద్ధ నిదర్శనం. దాదాపు పది నిమిషాల ఆ లఘుచిత్రం సెకనుకు 24 చొప్పున 14 వేలకు పైగా చిత్రాల వరుస. పూర్తయిన వీడియోతో పాటు నష్టంలేని ఆ చిత్రాలు కూడా ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. అందుకే వీడియో కుదింపు విధానాలను రూపొందించేవారు తమ పనితనాన్ని పరీక్షించుకునేందుకు ఆ కుందేలు బొమ్మనే ఏళ్ల తరబడి వాడుతూ వచ్చారు. చిత్రాలు భద్రంగా ఉంటే, కొత్త కుదింపు విధానం వచ్చిన ప్రతిసారీ అదే సినిమాను మరింత మెరుగ్గా తిరిగి తయారు చేసుకోవచ్చు.

రెండు డీవీడీలంత నిమిషం

ఇక కుదింపు సంగతి. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల చిత్రంలో 20 లక్షల 73 వేల 600 చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు మూడు బైట్లు. అంటే ఒక్క చిత్రానికి సుమారు 6.2 మెగాబైట్లు. నిమిషానికి 9.3 గిగాబైట్లు. ఒక డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లే కనుక, కుదించని ఒక్క నిమిషానికే దాదాపు రెండు డీవీడీలు కావాలి. అదే నిమిషాన్ని సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున కుదిస్తే 37.5 మెగాబైట్లు అవుతుంది. సుమారు 250వ వంతు. అయినా చూసేవారికి తేడా అంతగా తెలియకపోవడానికి కారణమేమిటి?

తోలుబొమ్మలాటను గమనిస్తే ఇది సులభంగా బోధపడుతుంది. తెర మారదు, వెనుక దీపం మారదు, పక్కకు గుచ్చి నిలిపిన బొమ్మలు మారవు. హనుమంతుడి చెయ్యి మాత్రమే కదులుతుంది. ఈ ఆటను మాటల్లో వర్ణించాలంటే క్షణక్షణానికీ తెర మొత్తాన్ని తిరిగి వర్ణించనక్కర్లేదు. చెయ్యి ఇక్కడి నుంచి అక్కడికి జరిగిందంటే చాలు. వీడియో కుదింపు చేసేది సరిగ్గా ఇదే. అప్పుడప్పుడు ఒక పూర్తి చిత్రాన్ని రాసుకుంటుంది. దానికి కీ ఫ్రేము అని పేరు. తర్వాతి చిత్రాలను చిన్నచిన్న గడులుగా విభజించి, ఏ గడి ఎటు జరిగింది, ఎంత మారింది అన్న తేడాలనే నమోదు చేస్తుంది. పైగా మనిషి కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత నిశితంగా రంగుల తేడాను పట్టలేదు. అందుకని రంగుల సమాచారాన్ని నాలుగు చుక్కలకు ఒకటి చొప్పునే ఉంచుతుంది. ఈ ఒక్క ఉపాయంతోనే అసలు సమాచారం సగానికి తగ్గుతుంది.

ఈ సూత్రాలను 2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణం పరిణతితో వాడుకుంది. ఎంపీ4 అన్నది బుట్ట మాత్రమే. అందులో ఉంచిన సరుకు హెచ్.264 కావచ్చు, మరొకటి కావచ్చు. ఈ తేడా తెలియక ‘ఎంపీ4 ఇచ్చాం, అయినా ఆడటం లేదు’ అనుకునేవారు చాలామంది.

గింజలే అసలు దొంగలు

ఫైలు ఎందుకు పెరిగిందో తెలియక తలపట్టుకునేవారు మొదట పరిశీలించాల్సింది కుదింపు అమరికలను కాదు, చిత్రాలను. కాంతి కిరణాల బాటలను లెక్కించి రెండర్ చేసే పద్ధతుల్లో, కిరణాల సంఖ్య చాలనప్పుడు చిత్రంపై ఇసుక చల్లినట్లు గింజలు కనిపిస్తాయి. నిశ్చల చిత్రంలో అవి పెద్దగా బాధించవు. యానిమేషన్‌లో మాత్రం ఒక చిత్రంలో ఉన్న గింజ తర్వాతి చిత్రంలో అదే చోట ఉండదు. కదలని గోడ సైతం కుదింపు సాఫ్ట్‌వేర్‌కు క్షణక్షణం మారుతున్న దృశ్యంగా తోస్తుంది. ‘తెర మారలేదు’ అని ఒక్క మాటలో చెప్పగలిగిన చోట లక్ష గింజల కథను రాయాల్సి వస్తుంది. దానికి కేటాయించిన పరిమితి తక్కువైతే గింజల్ని, వాటితో పాటు బొమ్మ ముఖంలోని వివరాల్ని కలిపి గడులు గడులుగా చెరిపేస్తుంది. చూసేవారు దాన్నే ‘పగిలిపోయింది’ అంటారు.

కనుక గింజలను కుదింపునకు ముందే తొలగించాలి. కిరణాల సంఖ్య పెంచితే సమయం పెరుగుతుంది. గింజల్ని తుడిచే సాధనం బ్లెండర్‌లోనే ఉన్నది. 2019లో వచ్చిన 2.81 సంచికతో ఇంటెల్ సంస్థ ఇచ్చిన ఉచిత సాధనం కూడా అందులో చేరింది. అయితే అతి తక్కువ కిరణాలతో రెండర్ చేసి భారమంతా తుడుపుపైనే వేస్తే, ప్రతి చిత్రాన్నీ విడిగా తుడుస్తుంది కనుక మూలల్లో వెలుగు మినుకుమినుకుమంటుంది. రెంటినీ సమపాళ్లలో వాడుకోవాలి. శుభ్రమైన చిత్రాల వరుస, గింజలతో నిండిన వరుస ఒకే అమరికతో కుదించి చూస్తే ఫైళ్ల పరిమాణంలో ఎంత అంతరమున్నదో ఎవరికి వారే గ్రహించగలరు.

అంకె పెరిగితే నాణ్యత తగ్గుతుంది

చిత్రాల వరుసను వీడియోగా మార్చేందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉచితం. అందులోని ఎక్స్264 అనే భాగం హెచ్.264 కుదింపులో పేరుమోసినది. ఆదేశాలు టైపు చేయడం ఇష్టపడనివారు బ్లెండర్‌లోని వీడియో సీక్వెన్సర్‌లోకే చిత్రాల వరుసను తెచ్చుకొని అక్కడి నుంచి వీడియో తీయవచ్చు. అక్కడా తెర వెనుక పనిచేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు చెందిన భాగాలే.

ఎక్స్264లో నాణ్యతను నిర్ణయించే కొలమానం సీఆర్‌ఎఫ్. 0 నుంచి 51 వరకు ఉంటుంది. పరీక్ష మార్కులకు తిరకాసుగా, ఇక్కడ అంకె ఎంత తక్కువైతే నాణ్యత అంత ఎక్కువ. ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. 18 దగ్గర అసలుకు, నకలుకు తేడా కంటితో పట్టడం కష్టం. అంకెను 6 పెంచితే ఫైలు దాదాపు సగానికి తగ్గుతుంది, 6 తగ్గిస్తే దాదాపు రెట్టింపవుతుంది. యానిమేషన్‌కు 18 నుంచి 22 మధ్య ఏదో ఒకటి ఎంచుకుంటే చాలావరకు సరిపోతుంది. ఈ పద్ధతిలో ఉన్న సుగుణం ఏమిటంటే, నిశ్చలంగా ఉన్న దృశ్యానికి తక్కువ, పరుగులు తీసే దృశ్యానికి ఎక్కువ సమాచారాన్ని సాఫ్ట్‌వేర్ తానే పంచుతుంది. అన్ని సెకన్లకూ ఒకే బిట్ రేటు నిర్ణయించి, ‘ఎందుకైనా మంచిద’ని 50 వేల కిలోబిట్లు పెట్టే అలవాటు కొన్ని వీడియో దుకాణాల్లో కనిపిస్తుంది. నల్లని తెరపై పేర్లు పడే సమయంలోనూ అంత సమాచారం కుమ్మరించడం శుద్ధ దండగ.

దీనికి తోడు వేగాన్ని నిర్ణయించే మరో అమరిక ఉంటుంది. నెమ్మదిగా పనిచేయమని కోరితే సాఫ్ట్‌వేర్ గడుల కదలికలను మరింత లోతుగా వెతికి, దాదాపు అదే నాణ్యతను సాధారణంగా తక్కువ స్థలంలో ఇముడుస్తుంది. 50 గంటలు రెండరింగ్‌కు ఎదురుచూసినవారు కుదింపులో పది నిమిషాలు ఆదా చేయాలని తొందరపడటంలో అర్థం లేదు. చదును రంగులు, స్పష్టమైన గీతలు ఉండే కార్టూన్లకైతే ఎక్స్264లో ‘యానిమేషన్’ పేరుతో ప్రత్యేక సర్దుబాటే ఉన్నది.

పరిమాణానికి కచ్చితమైన హద్దు ఉన్నప్పుడు మాత్రం సీఆర్‌ఎఫ్‌ను పక్కనపెట్టాలి. ఉదాహరణకు రెండు నిమిషాల వీడియో 20 మెగాబైట్లు దాటరాదన్నారనుకుందాం. బైటుకు 8 బిట్లు కనుక 20 మెగాబైట్లంటే 160 మెగాబిట్లు. 120 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 1,333 కిలోబిట్లు. ధ్వనికి 128 తీసేస్తే 1,205 మిగులుతాయి. కాస్త జాగా వదిలి 1,150 నిర్ణయించి, రెండు దఫాల పద్ధతిలో కుదించాలి. మొదటి దఫాలో సాఫ్ట్‌వేర్ వీడియో మొత్తాన్ని చదివి ఏ దృశ్యం కష్టమైనదో గుర్తుంచుకుంటుంది. రెండో దఫాలో ఆ ప్రకారం పంచుతుంది. 1,150 కిలోబిట్లకు పూర్తి హెచ్‌డీ మరీ ఇరుకనిపిస్తే 1280, 720 కొలతకు తగ్గించడమే వివేకం. పగిలిన పెద్ద బొమ్మ కన్నా స్పష్టమైన చిన్న బొమ్మ మేలు.

తరచూ కాలుజారే చోట్లు

సాఫ్ట్‌వేర్ మారినప్పుడు సెకనుకు చిత్రాల సంఖ్య మారిపోవడం తరచూ జరిగేదే. బ్లెండర్ తనంతట తాను 24 తీసుకుంటుంది. చిత్రాల వరుసను అందుకున్న ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వేరే చెప్పకపోతే 25 అనుకుంటుంది. 60 సెకన్ల కోసం గీసిన 1,440 చిత్రాలు 57.6 సెకన్లలోనే అయిపోతాయి. బొమ్మ పెదవులు ముందు, మాట వెనుక. ఆదేశంలో ఆ సంఖ్యను విధిగా తెలపాలి.

చిత్రాల పేర్లలో 0001, 0002 అంటూ ముందు సున్నాలతో వరుస సంఖ్యలుండాలి. మధ్యలో ఒక్క సంఖ్య లోపించినా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వరుస అక్కడితో ముగిసిందనుకొని ఆగిపోతుంది. మూడు నిమిషాల కథ నిమిషంన్నరకే అయిపోతే తప్పు ఎక్కడ ఉన్నదో వెతకాల్సింది ఫోల్డర్‌లోనే.

బ్లెండర్ సీక్వెన్సర్ వాడేవారికి రంగులు వెలిసిపోవడం పెద్ద సమస్య. 2019 నాటి 2.80 సంచిక నుంచి ఫిల్మిక్, 2023 నాటి 4.0 సంచిక నుంచి ఏజీఎక్స్ అనే రంగుల మార్పిడి బ్లెండర్‌లో ముందుగానే అమరి ఉంటూ వచ్చాయి. పీఎన్‌జీగా దాచినప్పుడే ఆ మార్పిడి చిత్రంలో కలిసిపోతుంది. ఆ చిత్రాలను మళ్లీ సీక్వెన్సర్ నుంచి తీసేటప్పుడు అదే మార్పిడి రెండోసారి పడి, ఉతికి ఆరేసిన చీరలా రంగులు పాలిపోతాయి. వీడియో తీసే ముందు దాన్ని ‘స్టాండర్డ్’కు మార్చుకోవాలి.

సాయంసంధ్య ఆకాశంలో రంగు మెల్లగా మారాల్సిన చోట మెట్లు మెట్లుగా చారలు కనిపించడం మరో లోపం. ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉండటం, కుదింపు వాటినీ చదును చేయడం ఇందుకు కారణం. రెండర్ చేసేటప్పుడే డిథర్ అనే అతిసన్నని చెదురును జోడిస్తే చారలు కలిసిపోతాయి. గింజలు వద్దని చెప్పి ఇక్కడ చెదురు కలపమనడం విడ్డూరంగా తోచవచ్చు. ఇది కంటికి ఆననంత సూక్ష్మమైనది. ఎంత కలపాలన్నది ఆ దృశ్యాన్ని బట్టి ప్రయత్నించి తేల్చుకోవాల్సిందే. నీలం నేపథ్యంపై ఎర్రని అక్షరాలు అంచుల్లో చెదరడానికి కారణం పైన చెప్పిన రంగుల పొదుపే. అక్షరాల రంగు మార్చుకోవడం తప్ప దానికి సులువైన మందు లేదు.

కంప్యూటర్‌లో ఆడిన వీడియో కొన్ని ఫోన్లలో, టీవీల్లో నల్లగా మిగలడానికి చాలాసార్లు రంగుల నమోదు పద్ధతే కారణం. పీఎన్‌జీ నుంచి మార్చేటప్పుడు వైయూవీ 420పీ అన్న పద్ధతిని స్పష్టంగా కోరాలి. దానికి పొడవు, వెడల్పు సరిసంఖ్యలై ఉండాలి.

పంపే దారిలో మరో కత్తెర

ఇంత జాగ్రత్తగా చేసిన వీడియోను వాట్సప్‌లో మామూలు వీడియోగా పంపితే అది తన అవసరానికి మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంటుగా జతచేస్తే ఉన్నది ఉన్నట్లు వెళ్తుంది. యూట్యూబ్ కూడా అందిన ప్రతి వీడియోను తిరిగి కుదిస్తుంది. అందువల్ల దానికి చిన్న ఫైలు ఇవ్వాలన్న ఆరాటం పనికిరాదు. 1080 వరుసల మామూలు వీడియోకు సెకనుకు 8 మెగాబిట్లు ఉండాలన్నది ఆ సంస్థ సూచన. అంతకన్నా ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. సొంత వెబ్‌సైటులో ఉంచేవారు మాత్రం ఫైలు సూచికను చివరి నుంచి మొదటికి జరిపే ‘ఫాస్ట్ స్టార్ట్’ ఎంపికను వాడితే, మొత్తం దిగేదాకా ఆగకుండా వీడియో వెంటనే మొదలవుతుంది.

2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, 2018లో రాయల్టీ చెల్లించనక్కర్లేని రీతిలో వచ్చిన ఏవీ1 ప్రమాణాలు అదే నాణ్యతను ఇంకా తక్కువ స్థలంలో ఇస్తాయి. కుదించేందుకు ఎక్కువ సమయం పడుతుంది, పాత పరికరాల్లో ఆడకపోవచ్చు. హెచ్‌ఈవీసీ కుదింపు సాధనమైన ఎక్స్265లో సీఆర్‌ఎఫ్ సహజ విలువ 28. ఎక్స్264 అంకెలతో దాన్ని పోల్చరాదు. చూసేవారి వద్ద ఏ పరికరం ఉన్నదో తెలియనప్పుడు హెచ్.264నే నమ్ముకోవడం క్షేమం.

వీడియో చేతికి వచ్చిందని చిత్రాల ఫోల్డర్‌ను తుడిచేసేవారున్నారు. డిస్కు నిండిందన్న బాధ అర్థం చేసుకోదగినదే కానీ, తుడవాల్సి వస్తే వీడియోనే తుడవాలి. అది చిత్రాల నుంచి కొద్ది నిమిషాల్లో మళ్లీ పుడుతుంది. రేపు ఏ చలనచిత్రోత్సవమో ఆ లఘుచిత్రాన్ని థియేటర్ తెరపై వేస్తామంటే అడిగేది ఎంపీ4 కాదు, డిజిటల్ సినిమా ప్యాకేజీ. ఒకప్పుడు రీలు డబ్బాలుగా బస్సెక్కి వచ్చిన సినిమా నేడు థియేటర్లకు చేరుతున్నది ఆ ప్యాకేజీ రూపంలోనే. 2005లో హాలీవుడ్ సంస్థలు ఖరారు చేసిన నిబంధనల ప్రకారం అందులో ఒక చిత్రంపై మరొకటి ఆధారపడదు. సెకనుకు 24 చొప్పున ప్రతి చిత్రాన్నీ జేపెగ్ 2000 పద్ధతిలో విడివిడిగా కుదించి వరుసగా పేరుస్తారు. దాన్ని తయారు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు పీఎన్‌జీ చిత్రాల ఫోల్డర్‌ను నేరుగా స్వీకరిస్తాయి.